వన్నె తగ్గిన పడవకు వన్నె తెచ్చుట

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములకు సముద్రము దూరము. అయినను అచ్చటివారికి పడవ క్రొత్త వస్తువు కాదు. సూర్యాపేటకు చేరువగా 1963లో పూర్తియైన మూసీ జలాశయము కలదు. ఆ మూసీనది మిర్యాలగూడ సీమను దాటి వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. కోదాడకు దక్షిణముగా, మట్టపల్లి క్షేత్రమునకు దిగువను పులిచింతల జలాశయము నిండియున్నది. ఎగువను, 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరము కలదు. ఈ నీళ్ళపై చేపలు పట్టి బ్రతుకు కుటుంబములు అనేకములు. వారికి పడవయే పొలము, పడవయే ఎద్దులజత.

పూర్వము కృష్ణలో తిరిగిన పుట్టిని వెదురుబద్దలతో గంపవలె అల్లి, పైని తోలు బిగించెడివారు. తరువాతి కాలమున తోలునకు బదులు గుడ్డగాని, పట్టాగాని కప్పి తారు పూయుట వచ్చినది. కొయ్యపడవయైనచో అతుకులలో నార కూరి తారు పట్టించెడివారు. పద్ధతి యేదైనను ఏటికొకసారి పడవను ఒడ్డునకు లాగి, బోర్లించి, బాగుచేయుట తప్పని ఆచారము. ఇప్పుడు ఆ పుట్టికిని, ఆ పడవకును బదులుగా ఫైబర్ పడవ వచ్చినది. అది కుళ్ళదు, చెదపట్టదు, తుప్పు పట్టదు. కావున దానికి సంరక్షణ అక్కరలేదను నమ్మకము కూడ దానితోపాటే వచ్చినది. ఆ నమ్మకమే ఫైబర్ పడవకు మొదటి శత్రువు. నాలుగైదు వేసవులు ఎండలో పడియున్న పడవను చేతితో తడిమి చూడుడు. అరచేతికి సుద్దవంటి పొడి అంటుకొనును. ఆ పొడి మరేమియు కాదు, పడవ చర్మమే.

ఈ చర్మము సంగతి తెలియవలెనన్న, ఫైబర్ పడవను కట్టు విధానము కొంత తెలియవలెను. గాజును కరగించి సన్నని నారగా తీసి, ఆ నారను చాపవలెను, గుడ్డవలెను చేసి, దానిని రెసిన్ అను జిగట ద్రవముతో తడిపి, అచ్చులో పొరమీద పొరగా పరచుదురు. రెసిన్ గట్టిపడగా గాజునార దానికి ఎముకవలె నిలుచును. ఇట్టి పడవలు అమెరికాలో 1940 దశకమున మొదలై క్రమముగా లోకమంతట వ్యాపించినవి. 1947లో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనునాతడు పిల్లల కొరకు రూపొందించిన ఆప్టిమిస్టు అను చిన్న తెరచాప పడవ మొదట పలుచని చెక్కతో చేయబడినదే. తరువాత అదియు ఫైబరుకు మారినది. కెనడావాసి బ్రూస్ కిర్బీ రూపొందించిన లేజరు పడవ మొదటినుండియు ఫైబరే. ఈ రెండు జాతుల పడవలను మనవారు హైదరాబాదు హుస్సేనుసాగరులో తెరచాప పోటీల వేళ చూచియుందురు.

పోటీపడు తెరచాప పడవయైనను, వాడపల్లి రేవులోని చేపలపడవయైనను, ఒడలు మాత్రము ఒక్క తీరుననే యుండును. అచ్చులో గాజునార పరచుటకు ముందు, రంగు కలిపిన చిక్కని రెసిన్‌ను ఒక పూత వేయుదురు. దీనినే జెల్ కోటు అందురు. పడవను అచ్చునుండి తీసినప్పుడు మనకు కనిపించు మెరుపు ఈ పూతదే. దాని మందము సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. అనగా రెండు పోస్టుకార్డులను ఒకదానిపై నొకటి ఉంచినంత. ఎండనుండియు, నీటినుండియు లోపలి గాజునారను కాపాడునది ఆ రెండు పోస్టుకార్డుల దళసరియే. ఈ కొలతను శ్రోతలు మనస్సున నిలుపుకొందురుగాక. చెప్పబోవు పనియంతయు దీనిపైననే ఆధారపడియున్నది.

ఎండలోని అతినీలలోహిత కిరణములు ఈ పూత యొక్క పై అంచున రెసిన్ అణువుల కట్టును త్రెంచివేయును. కట్టు తెగగానే రంగుపొడి విడివడి తెల్లగా రాలును. ఎఱుపు, నీలము మొదలగు ముదురురంగులు త్వరగా వెలిసిపోవును. తెలుపున ఆ మార్పు ఆలస్యముగా కనిపించును. మన ప్రాంతమున మే నెల ఎండ ఎట్టిదో చెప్పనక్కరలేదు. దీనికి తోడు ఇచ్చట మరికొన్ని విశేషములు కలవు. వాడపల్లి, మేళ్ళచెరువు ప్రాంతములు సున్నపురాతికిని, సిమెంటు కర్మాగారములకును పేరుపొందినవి. గాలిలో వచ్చి వాలిన సిమెంటు ధూళి మంచుతో తడిసి గట్టిపడును. సున్నపుపాలు హెచ్చుగా గల నీరు ఆరినచోట తెల్లని చారలు కట్టును. మూసీనీటిలో పాచియు, గుఱ్ఱపుడెక్కయు పడవ నానుకొని గోధుమవన్నె మరకలు పెట్టును. ఇనుప బోల్టులనుండి తుప్పు కారును. కావున వన్నె తగ్గిన పడవపై కొంత మురికి, కొంత మరక, కొంత పొడి, ఒక్కొక్కప్పుడు నిజమైన గాయము కలిసియుండును. ఈ నాలుగింటికి మందు ఒక్కటి కాదు. వేరుపరచి చూడకుండ గరుకు కాగితము చేతబట్టిన వాడు, జబ్బు తెలియకముందే శస్త్రము పట్టిన వైద్యునివంటివాడు.

మొదటి పని కడుగుట. పడవను ఒడ్డునకు తెచ్చి నీడపట్టున బోర్లించి, మంచినీటితో పైనుండి క్రిందికి ధారాళముగా తడిపి, ఇసుకయు ధూళియు జారిపోనీయవలెను. ఇసుక యుండగా రుద్దినచో మనమే గీతలు పెట్టినవారమగుదుము. తరువాత పాత్రలు తోము తేలికపాటి సబ్బుద్రవమును బకెట్టు నీటిలో కలిపి, మెత్తని స్పంజితో రుద్ది కడుగవలెను. పీచులలో ఇనుపపీచు పనికిరాదు. గట్టిగా ఎండిన పాచిని తడిగుడ్డ కప్పి గంటసేపు నాననిచ్చిన, కొబ్బరిపీచుతోనే వచ్చును.

సున్నపు చారలు సబ్బునకు లొంగవు. వానికి పులుపు కావలెను. చింతపండుతో ఇత్తడిబిందెను తోము ఇల్లాలికి ఈ సూత్రము తెలిసినదే. కాని చింతపండు తానే మరక పెట్టును గనుక పడవకు తెల్లని వెనిగరును సగము నీటితో కలిపి వాడుట మేలు. తుప్పుమరకకు, ఆకుల వన్నె మరకకు ఆక్సాలిక్ ఆమ్లము గల మందులు రంగుల దుకాణములలో దొరకును. అది విషము, చేతులకు రబ్బరు తొడుగులు, కంటికి అద్దములు ఉండవలెను. మరక కరగగానే పుష్కలముగా నీటితో కడిగివేయవలెను. మరుగుదొడ్లు కడుగు ఘాటైన ఆమ్లమును పడవపై పోయరాదు. ఏ ఆమ్లమును గాని బ్లీచింగు ద్రవముతో కలుపనే రాదు. కలిపినచో వెలువడు క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులను దహించును.

కడిగి ఆరిన తరువాత పరీక్ష చేయవలెను. మొదటి పరీక్షకు కావలసినది చెంబెడు నీళ్ళు. వెలిసినచోట తడిపి చూడుడు. తడిగా నున్నంతసేపు పాతరంగు కనిపించి, ఆరగానే మరల తెల్లబారినచో, చెడినది పైపొర మాత్రమే. జెల్ కోటునకు ప్రాణమున్నదని తలపవచ్చును. తడిపినను రంగు రానిచోట, లేక గాజునార అల్లిక కనిపించుచోట, మెరుగుపెట్టుట వృథా. రెండవ పరీక్షకు కావలసినది ఒక రూపాయి నాణెము. దానితో పడవ దేహమంతట జానెడు జానెడు దూరమున తట్టుచు పోవలెను. గట్టిచోట ఖంగుమను స్పష్టమైన ధ్వని వచ్చును. పొరలు విడిపోయిన చోట బోలుగాను, మందముగాను మ్రోగును. కుండను తట్టి కొనువారికి ఈ విద్య నేర్పనక్కరలేదు. మూడవది కంటి పరీక్ష. సాలెగూటివలె వ్యాపించిన సన్నని పగుళ్ళున్నవా? చర్మము క్రింద నీరుచేరిన బొబ్బలున్నవా? గాలి నింపిన మూసిన గదులు గల తెరచాప పడవయైనచో, దానిని అటునిటు ఊపి లోపల నీటి చప్పుడు వినవచ్చునేమో చూడవలెను.

ఇచ్చట ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. మెరుపు వేరు, బలము వేరు. బోలుగా మ్రోగు పడవకు మైనము పెట్టి మెరిపించి బేరమునకు నిలుపువారుందురు. పాత పడవను కొనువారు ఆ మెరుపును కాక నాణెపు చప్పుడును నమ్మవలెను. నడినీటిలో మనుష్యుని మోయునది గాజునార బలమే. పొరలు విడిపోయినవని తోచినచో, మెరుగు మాట విడిచి, ఫైబర్ పని తెలిసినవానిని పిలిచి, చెడినంతమేర తీసి, క్రొత్తనార వేయించిన పిమ్మటనే సొగసు సంగతి ఆలోచింపవలెను.

పడవ గట్టిదని తేలినది. ఇక మెరుగుపెట్టుట. ఈ పనికి సూత్రము ఒక్కటే: అన్నిటికంటె మెత్తనిదానితో మొదలిడి, అది చాలనిచోటనే దానికంటె గరుకైనదానికి పోవలెను. ఏలయన మెరుగుపెట్టుట యనగా క్రొత్త మెరుపును పూయుట కాదు. చెడిన పొరను గీచివేసి క్రింది మంచి పొరను బయటపెట్టుట. గీచిన ప్రతిసారియు ఆ అర మిల్లీమీటరులో కొంత పోవును. పోయినది మరల మొలవదు.

అందుచేత ముందుగా జానెడు చదరపు స్థలమున ప్రయోగము చేసి చూడుడు. కారులకు వాడు సన్నని పాలిషును మెత్తని నూలుగుడ్డతో చుట్టుచుట్టుగా రుద్దుడు. మెరుపు వచ్చినదా, పడవకంతకు అదియే చాలును. రానిచో రబ్బింగ్ కాంపౌండు ప్రయత్నింపుడు. ఈ వస్తువులకు సముద్రతీరమునకు పోనక్కరలేదు. హైదరాబాదు–విజయవాడ రహదారిపై నున్న సూర్యాపేట, కోదాడ పట్టణములలో వాహనములకు రంగువేయువారందరు ఎఱిగినవే. కాంపౌండునకును లొంగనిచో, అప్పుడు నీటితో రుద్దు వాటర్ పేపరు. దానిలోను మొదట 1000 నంబరు. అంకె పెరిగిన కొలది కాగితము మెత్తనగునని గుర్తుంచుకొనవలెను. అది చాలనిచో 800, మిక్కిలి చెడినచోట 600. ఎంత క్రిందికి దిగినను మరల అన్ని మెట్లును ఎక్కియే రావలెను: 600 తరువాత 800, ఆపై 1000, ఆపై 1200, పిమ్మట కాంపౌండు, చివర పాలిషు. ఒక్క మెట్టు దాటివేసినను దాని గీతలు ఎండలో కనిపించును.

అరచేతితో నొక్కినచో వ్రేళ్ళ అడుగున పల్లములు పడును. కాగితమును చిన్న రబ్బరుముక్కకు చుట్టి రుద్దవలెను. రుద్దుటకు ముందు ఆ స్థలమున పెన్సిలుతో ముగ్గువలె అడ్డగీతలు, నిలువుగీతలు గీచినచో ఒక ఉపాయము కలదు. గీతలు సమముగా మాయగానే పని అయినట్లు, ఆగవలెను. కాగితమును నీటిలో ముంచుచు, పిండివలె చేరు పొడిని కడుగుచుండవలెను. పొడిగా రుద్దుట ఎంతమాత్రము కూడదు. గాలిలో లేచు ఆ దుమ్ము ఊపిరికి చేటు. తడిగా రుద్దునప్పుడు సైతము ముక్కునకు తగిన ముసుగు ధరించుట మంచిది. అంచులయందును, మూలలయందును పూత పలుచగా నుండును గనుక అచ్చట చేయి తేలికగా పోవలెను. రుద్దుచుండగా వేరొక రంగుగాని, నార అల్లికగాని తొంగిచూచినచో తక్షణమే ఆపవలెను. యంత్రముతో మెరుగుపెట్టువారు వేగము తగ్గించి, ఒక్కచోట నిలుపక కదల్చుచుండవలెను. నిలిపినచోట వేడిమిచే పూత కాలును. ఎండకు కాగిన పడవపై పాలిషు వెంటనే ఎండిపోవును గనుక ఉదయపు చల్లవేళ, నీడలోనే ఈ పని చేయవలెను. పోటీలకు పోవు తెరచాప పడవయైనచో, అడుగుభాగమును రుద్దుటకు ముందు ఆ తరగతి నియమావళిని చూచుకొనుట మఱవరాదు.

పడవపై మనిషి నిలుచుచోట, నడచుచోట, జారకుండ గరుకుగా చేసియుందురు. ఆ భాగమును కడుగవలెనే కాని మెరుగుపెట్టరాదు, మైనము పూయరాదు. వల విసరువాడు తడికాలితో నిలుచునది అచ్చటనే. ఒడ్డున చూచువాని కన్నులకు ఇంపుగా నుండుటకై వాని కాలు జారునట్లు చేయుట సంరక్షణ కాదు.

చిన్న గంటు పడి లోపలి నార కనిపించుచోట జెల్ కోటుతో పూడ్చవలెను. మన పట్టణములలో రెసిన్ కొనునప్పుడు దానితో కోబాల్టు అనియు, హార్డెనరు అనియు రెండు సీసాలిత్తురు. ఈ రెండింటిని ఒకదానిలో నొకటి నేరుగా పోయరాదు. అట్లు పోసినచో మంట రేగి ప్రేలుటకు అవకాశము కలదు. కోబాల్టును మొదట రెసిన్‌లో బాగుగా కలిపివేసి, పని మొదలిడు క్షణముననే హార్డెనరును వేయవలెను. హార్డెనరు సామాన్యముగా నూటికి ఒకటి రెండు పాళ్ళు చాలును. డబ్బాపై వ్రాసినదే ప్రమాణము. హార్డెనరు బొట్టు కంటబడినచో చూపే పోవచ్చును. కంటి అద్దములు లేకుండ సీసామూత తీయరాదు. పడినచో పావుగంటకు తక్కువకాకుండ నీటిధారతో కడుగుచు, వెంటనే వైద్యునికడకు పోవలెను. పిల్లలున్న యింట ఈ సీసాలుంచరాదు. అవసరమునకు తగినంత కొద్దిగానే కలుపుకొనవలెను. గిన్నెలో ఎక్కువగా మిగిలినది తనంత తానే వేడెక్కి పొగలు చిమ్మును. పూసినదానిపై పలుచని ప్లాస్టిక్ కాగితము అతికించినచో గాలి తగులక గట్టిపడును. వానకారు తేమలో ఈ పని సాగదు. సంక్రాంతి తరువాతి పొడి దినములు అనుకూలములు.

ఇంతచేసినను రంగు రానంతగా పూత అరిగిపోయిన పడవ యుండవచ్చును. దానికి రెండుపాళ్ళు కలిపి వేయు పాలియూరిథేన్ రంగు వేయించుటయే శరణ్యము. దాని ఆవిరి మామూలు ముసుగునకు ఆగదు. ఊపిరికి మిక్కిలి హానికరము. కావున తగిన సాధనములు గల పనివానికే అప్పగింపవలెను.

మెరుగు వచ్చిన పడవను అట్లే విడిచినచో మరుసటి వేసవికి మొదటికి వచ్చును. చివర మైనము పట్టింపవలెను. బ్రెజిలు దేశపు తాటిజాతి చెట్టు ఆకులనుండి తీయు కార్నూబా మైనము ఈ పనికి ప్రసిద్ధము. పలుచగా పూసి, ఆరనిచ్చి, శుభ్రమైన గుడ్డతో తుడిచివేయవలెను. ఏటికి రెండుమారులు, ఎండలు ముదరకముందు ఒకసారి, వానలు వెనుదీసిన తరువాత ఒకసారి చేసినచో ఆ మైనమే ఎండకును, మురికికిని ముందుగా ఎదురునిలుచును. అరుగునది అది, మిగులునది పడవ చర్మము.

కాని అన్ని మైనములకంటె చవుకయైనది నీడ. నల్లగొండ సీమలో తాటిచెట్లకు కొదువ లేదు. నాలుగు గుంజలపై తాటాకు పందిరి వేసి, దాని క్రింద పడవను రెండు దుంగలపై బోర్లించినచో, దుకాణములోని యే డబ్బాయు చేయలేని మేలు జరుగును. గాలి సోకని ప్లాస్టిక్ పట్టాను గట్టిగా చుట్టరాదు. లోపలి తేమ బొబ్బలకు దారితీయును.

మరియొక సంగతి. రుద్దిన పొడి, మైనపుగుడ్డలు, రెసిన్ ముద్దలు నీటిలో కలుపరాదు. ఈ జలాశయములు పడవలకే కాదు, పొలములకును, త్రాగునీటికిని ఆధారములు. హైదరాబాదు నగరము సైతము నాగార్జునసాగరు నీటిని త్రాగుచున్నది. నీటిగట్టునకు దూరముగా, క్రింద పట్టా పరచి పని చేసి, ఆ పొడిని ప్రోగుచేసి సంచిలో కట్టవలెను. ఫైబరు మట్టిలో కలియదు, ఇనుమువలె కరగింపబడదు. కొయ్యపడవ ముదిసిన పొయ్యిలోనికైన వచ్చెడిది. ఫైబరును కాల్చినచో విషధూమమే మిగులును. పారవేయుటకు చోటులేని వస్తువును పదికాలములు నిలుపుకొనుటయే వివేకము.

పడవ లేని యిండ్లలో సైతము ఫైబరు వస్తువులు ప్రవేశించినవి. స్నానపుతొట్టి, తలుపు, డాబాపైని నీళ్ళతొట్టి, బడిలోని జారుడుబల్ల, ఇట్టివానిలో కొన్ని ఆ జాతివే. వానికిని పద్ధతి ఇదియే: ముందు కడుగుట, తరువాత పరీక్షించుట, కొంచెముగా రుద్దుట, మైనము పెట్టుట, నీడన ఉంచుట. ఫిబ్రవరి ఎండ ముదరకముందే మీ రేవులోని పడవను ఒకసారి బోర్లించి, చెంబెడు నీళ్ళు చల్లి, రూపాయి నాణెముతో తట్టి చూడుడు. పడవ తన స్థితిని తానే చెప్పును.